ఓటడగ వచ్చిన స్త్రీని మనమేమడుగుతున్నాం?

"ఆడది తిరిగి చెడుతుంది, మగవాడు తిరగక చెడతాడు" అని మనలో ఒక సామెత ఉన్నది. ఇది ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో తెలియదు గాని, మన ఇండ్లలో ఈనాటికీ వినబడుతూనే ఉన్నది. ఎన్నికలంటే ఏమిటి? తిరగడమే గదా! ఊరూరా తిరగాలి. వీధివీధి తిరగాలి. మగ్గాల దగ్గరికి, చెరకు తోటల దగ్గరికి, సంతకు, గుడిసెకు, మేడకు తిరగాలి. రాత్రి పదింటికి జీపు దిగి మరొక ఊరిలో మైకు పట్టుకోవాలి. అలా తిరిగిన మగవాణ్ణి "ప్రజల మనిషి" అంటాము. అలాగే తిరిగిన స్త్రీని ఏమంటున్నాము? ప్రియ పాఠకులారా, ఈ నెల ఈ ప్రశ్నను కుటుంబమంతా కలిసి ఆలోచించవలెనని మా మనవి.

ఈ సామెత చదువురానివారి నోటనే ఉన్నదనుకోవద్దు. 2017 ఫిబ్రవరిలో అమరావతిలో జాతీయ మహిళా పార్లమెంటు జరిగింది. స్త్రీలను రాజకీయాల్లోకి, ఉద్యోగాల్లోకి ప్రోత్సహించడానికే ఆ సభ. దాన్ని గురించి విలేకరులతో మాట్లాడుతూ అప్పటి శాసనసభాపతి కోడెల శివప్రసాదరావుగారు ఒక పోలిక చెప్పారు. బండిని ఇంట్లో నిలిపి ఉంచితే ప్రమాదం ఉండదని, రోడ్డు మీదికి తెస్తేనే ప్రమాదాలని, స్త్రీలు బయటికి వచ్చిన కొద్దీ వేధింపులు కూడా పెరిగే అవకాశం ఉన్నదని ఆ మాటల సారాంశం. తన మాటలను వక్రీకరించారని ఆయన తర్వాత చెప్పుకున్నారు. కాని విన్నవారికి పాత సామెతే గుర్తుకు వచ్చింది.

మన నగరిలోనే చూద్దాం

దూరం పోనక్కరలేదు. 2009 ఎన్నికల నుండి పుత్తూరు నగరి నియోజకవర్గంలో కలిసింది. ఆ నగరి నుండి నటి ఆర్.కె. రోజాగారు 2004లోనే తెలుగుదేశం తరఫున పోటీ చేసి ఓడిపోయారు. 2009లో చంద్రగిరిలో నిలబడి గల్లా అరుణకుమారిగారి చేతిలో ఓడిపోయారు. తర్వాత వై.ఎస్.ఆర్. కాంగ్రెసు పార్టీ తరఫున 2014లో నగరిలో 858 ఓట్ల తేడాతో, 2019లో 2,708 ఓట్ల తేడాతో గెలిచారు. 2022 ఏప్రిల్లో రాష్ట్ర మంత్రి అయ్యారు. 2024లో గాలి భానుప్రకాశ్‌గారి చేతిలో సుమారు 45 వేల ఓట్ల తేడాతో ఓడిపోయారు. రెండు ఓటములు, రెండు గెలుపులు, మళ్ళీ ఒక ఓటమి. రాజకీయాల్లో ఇది సాధారణమే. ఆమెకు ఓటు వేసినవారు, వేయనివారు ఇద్దరూ మన సంఘాలలో ఉన్నారు. ఆమెను పొగడడానికి గాని, తెగడడానికి గాని ఈ వ్యాసం రాయడం లేదు. ఆమె గెలుపోటములను గురించి జనం మాట్లాడుకొన్న తీరు ఒక్కటే మనకిక్కడ ముఖ్యం.

మొదటి రెండు ఓటముల తర్వాత ఆమెకు "ఐరన్ లెగ్" అని పేరు పెట్టారు. ఆమె పాదం పెట్టిన పార్టీ బాగుపడదని దాని అర్థం. పత్రికల్లో రాశారు, వేదికల మీద చెప్పి నవ్వించారు. ఈ మాట మనకు కొత్త కాదు. కొత్త కోడలు ఇంట అడుగుపెట్టిన నెలలో ఎద్దు చచ్చినా, మామకు జబ్బు చేసినా "దాని పాదం మంచిది కాదు" అనే మాటే ఇది. కోడలి పాదం మీద వేసిన నింద ఇప్పుడు అభ్యర్థి పాదం మీదికి వచ్చింది, అంతే. పోటీ చేసిన ప్రతిసారీ డిపాజిట్టు పోగొట్టుకొన్న మగవారు మన జిల్లాలో ఎందరో ఉన్నారు. వారిలో ఎవరి కాలిని ఎవరైనా లెక్కపెట్టారా?

ఆమె సినిమాల్లో నటించడాన్ని అడ్డం పెట్టుకొని అన్న మాటలు ఇంకా ఎక్కువ. ఇక్కడ తిరుపతిని గుర్తు చేసుకోవాలి. 1983లో ఎన్.టి. రామారావుగారు గుడివాడతో పాటు తిరుపతి నుండి కూడా పోటీ చేసి రెండుచోట్లా గెలిచారు. 2009లో చిరంజీవిగారు తిరుపతి నుండే గెలిచారు. ఇద్దరూ సినిమా నటులే. ఇద్దరూ తెర మీద ఎందరో నటీమణులతో ఆడిపాడినవారే. ఆ పాటలు ఎన్నికల్లో వారి మీద నిందగా మారలేదు. పైగా అవే వారికి బలం అయ్యాయి. తిరుపతికి నగరి గంటన్నర ప్రయాణం కూడా లేదు. ఆ కొద్ది దూరంలోనే, మగవానికి కిరీటమైన వృత్తి స్త్రీకి మచ్చ అయిపోయింది!

2023లో మాజీ మంత్రి బండారు సత్యనారాయణమూర్తిగారు రోజాగారి మీద అన్న మాటలు ఈ పత్రికలో తిరిగి రాయదగినవి కావు. ఆ సంవత్సరం అక్టోబరులో పోలీసులు ఆయనను అరెస్టు చేశారు, తర్వాత బెయిలు వచ్చింది. తెలుగు, తమిళ సినిమా రంగాల నటీమణులు కొందరు ఆ మాటలను బహిరంగంగా ఖండించారు. 2025 జూలైలో కూడా, ఆమె ఓడిపోయి సంవత్సరం గడిచిన తర్వాత, నగరి ఎమ్మెల్యే ఆమె మీద చేసిన వ్యాఖ్యల వల్ల మరోసారి దుమారం రేగింది. పదవిలో ఉన్నప్పుడూ అదే మాట, పదవి పోయిన తర్వాతా అదే మాట.

అన్ని పార్టీలలోనూ ఇదే

ఇది ఒక పార్టీ తప్పని ఎవరైనా అనుకుంటే పొరపాటు. వై.ఎస్. షర్మిలగారు 2012 అక్టోబరు నుండి 2013 వరకు ఇడుపులపాయ నుండి ఇచ్ఛాపురం దాకా 3 వేల కిలోమీటర్లకు పైగా నడిచారు. అన్న పార్టీ కోసం నడిచిన ఆ చెల్లెలు 2024 జనవరిలో రాష్ట్ర కాంగ్రెసు అధ్యక్షురాలై, కడప లోక్‌సభకు పోటీ చేశారు. ఆ ఏప్రిల్లో పులివెందుల సభలో అప్పటి ముఖ్యమంత్రి, స్వయాన ఆమె అన్నగారు, ఆమె కట్టుకొన్న పసుపుపచ్చ చీరను ప్రస్తావించారు. రాజకీయంగా విడిపోయిన అన్నదమ్ములు దేశంలో చాలమంది ఉన్నారు. తమ్ముడు ఏ రంగు చొక్కా తొడుక్కొని ఎవరి ఇంటికి వెళ్ళాడని అన్న వేదిక మీద అడిగిన సంగతి మనం విన్నామా? అంతకు ముందు, 2019 జనవరిలో, తన శీలం మీద పుకార్లు పుట్టిస్తున్నారని షర్మిలగారు హైదరాబాదు పోలీసు కమీషనరుకు ఫిర్యాదు చేసుకోవలసి వచ్చింది.

2025 జూలైలో నెల్లూరు జిల్లా కోవూరు ఎమ్మెల్యే వేమిరెడ్డి ప్రశాంతిరెడ్డిగారి వ్యక్తిగత జీవితం మీద, 2024లో ఆమె చేతిలో ఓడిపోయిన మాజీ ఎమ్మెల్యే నల్లపురెడ్డి ప్రసన్నకుమార్‌రెడ్డిగారు వ్యాఖ్యలు చేశారు. పోలీసు కేసు నమోదైంది. అసలు పోటీలోనే లేని స్త్రీలను కూడా వదలడం లేదు. తన భార్యను శాసనసభలో అవమానించారని చంద్రబాబు నాయుడుగారు 2021 నవంబరులో విలేకరుల ముందు కన్నీరు పెట్టుకొన్నారు. భర్తను కొట్టడానికి భార్య పేరు రాయిగా దొరికింది.

స్త్రీలే స్త్రీలను అనడమూ ఉన్నది. రోజాగారి నోరు కూడా కటువైనదే అని అనేవారున్నారు. అప్పటి ముఖ్యమంత్రిపై అన్న మాటలకు 2015 డిసెంబరులో ఆమెను సంవత్సరం పాటు శాసనసభ నుండి సస్పెండు చేశారు. తనను కించపరిచారని సాటి ఎమ్మెల్యే వంగలపూడి అనితగారు ఆమెపై ఫిర్యాదు చేశారు. స్త్రీ అయినందువల్ల ఎవరి నాలుకకూ మినహాయింపు లేదు. యాకోబు తన పత్రికలో నాలుకను అగ్నితో పోల్చాడు గాని, అది మగ నాలుక అనో ఆడ నాలుక అనో విడదీయలేదు.

పొరుగునా, ప్రపంచంలోనూ

మన ఊళ్ళకు సరిహద్దు అవతలే తమిళనాడు. అక్కడ జయలలితగారిని 1987 డిసెంబరులో ఎం.జి.ఆర్. అంతిమయాత్ర వాహనం మీది నుండి లాగివేశారు. 1989 మార్చి 25న శాసనసభలో తన చీర లాగారని ఆమె చెప్పారు, అవతలివారు కాదన్నారు. ఆమె 1991లో ముఖ్యమంత్రి అయ్యారు. తర్వాత ఆమె పాలనలోని తప్పులకు కోర్టులు విచారణ జరిపాయి. అది న్యాయం. కాని సభలో ఆమెకు జరిగినది న్యాయం కాదు. ఈ రెంటినీ వేరుగా చూడడం మనం నేర్చుకోవాలి.

ప్రపంచంలోనే మొదటి మహిళా ప్రధాని శ్రీలంకకు చెందిన సిరిమావో బండారునాయకె. 1960లో ఆమె ఎన్నికలకు దిగినప్పుడు "ఏడ్చే విధవ" అని ప్రత్యర్థులు ఎగతాళి చేశారు. 1966లో ఇందిరాగాంధీ ప్రధాని అయితే రామమనోహర్ లోహియా అంతటి మేధావి ఆమెను "మూగబొమ్మ" అన్నారు. ఆస్ట్రేలియా ప్రధాని జూలియా గిలార్డుపై 2011లో "మంత్రగత్తె" అని రాసిన అట్టలు పట్టుకొని ఊరేగారు. మరుసటి సంవత్సరం అక్టోబరులో ఆమె పార్లమెంటులో నిలబడి ఈ స్త్రీ ద్వేషాన్ని సూటిగా ఎండగట్టిన ప్రసంగం లోకమంతా విన్నది. చదువుకొన్న దేశమని, ధనిక దేశమని తేడా లేదు. ఏడిస్తే బలహీనురాలు, ఏడవకపోతే రాతిగుండె. మాట్లాడకపోతే మూగబొమ్మ, మాట్లాడితే గయ్యాళి. ఏ దారిన వచ్చినా స్త్రీకి తలుపు మూసే ఉన్నది.

దీనివల్ల నష్టం ఎవరికి?

"వాళ్ళు రాజకీయ నాయకులు, వాళ్ళకివి మామూలే, మనకేమి?" అని కొందరంటారు. మనకే నష్టం. అది మూడు విధాలు.

మొదటిది, అడగవలసిన ప్రశ్న మరుగున పడుతుంది. మరమగ్గాల కరెంటు బిల్లు సంగతేమిటి? నగరి పేరు పెట్టుకొన్న గాలేరు-నగరి పథకం నీళ్ళు మన పొలాలకెప్పుడు? వేసవిలో తాగునీటికేమి చేశారు? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పలేని అభ్యర్థి, మగైనా ఆడైనా, చీర మీద, పాదం మీద గొడవ లేస్తే లోలోపల సంతోషిస్తాడు. జనం నవ్వుకొని ఇంటికి పోతారు. మగ్గం బిల్లు మాత్రం మరుసటి నెల కూడా అలాగే వస్తుంది. అంతేకాదు, నిజంగా తప్పు చేసిన మహిళా నాయకురాలికి కూడా ఈ అవమానమే కవచమవుతుంది. "నేను స్త్రీనని నన్ను అంటున్నారు" అని ఆమె అన్నప్పుడు, పనిని గురించి అడిగిన న్యాయమైన ప్రశ్న కూడా అందులో కొట్టుకొనిపోతుంది.

రెండవది, మంచి స్త్రీలు వెనక్కు తగ్గుతారు. మన ఉమ్మడి చిత్తూరు జిల్లాలో డాక్టరు గుమ్మడి కుతూహలమ్మగారిని పెద్దవారు ఎరుగుదురు. వైద్యురాలిగా ఉండి రాజకీయాల్లోకి వచ్చి, వేపంజేరి రిజర్వుడు నియోజకవర్గం నుండి పలుమార్లు గెలిచి, మంత్రిగా, 2007 నుండి 2009 వరకు ఉపసభాపతిగా పనిచేసి, 2023లో కన్నుమూశారు. 2019 నుండి 2024 లోపల మన రాష్ట్రానికి మేకతోటి సుచరిత, తానేటి వనిత, వంగలపూడి అనిత అనే ముగ్గురు వరుసగా హోంమంత్రులయ్యారు. ముగ్గురూ రిజర్వుడు స్థానాల నుండి గెలిచినవారే. శక్తి లేదని ఇక ఎవరూ అనలేరు. అయినా రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ఒక్క స్త్రీ కూడా ముఖ్యమంత్రి కాలేదు. 2024లో లోక్‌సభకు ఎన్నికైన 543 మందిలో స్త్రీలు 74 మందే. ఆ ఎన్నికల్లో మన రాష్ట్రంలో మగ ఓటర్ల కంటే ఆడ ఓటర్లే ఎక్కువ!

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది. టీవీలో ఒక నాయకురాలిని గురించి పాడుమాట వచ్చినప్పుడు తండ్రి నవ్వుతాడు. అన్న ఆ మాటను ఫోనులో స్నేహితులకు పంపుతాడు. గడప దగ్గర కూర్చొని చదువుకొంటున్న తొమ్మిదో తరగతి పిల్ల వింటుంది. ఆ పిల్ల ఏమీ అనదు. కాని ఒక పాఠం నేర్చుకొంటుంది: నలుగురిలో నిలబడి మాట్లాడితే నన్నూ ఇలాగే అంటారు, మా నాన్న కూడా నవ్వుతాడు. ఎముక విరిగితే మన పుత్తూరు కట్టు ఉన్నది. ఈ విధంగా విరిగిన ధైర్యానికి ఏ వైద్యుడు కట్టు కడతాడు?

మన పంచాయతీ సంగతి

పెద్ద పదవుల మాట అలా ఉంచి మన ఊరికి వద్దాం. 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలలో మూడవ వంతు స్థానాలు స్త్రీలకు ఇచ్చింది. మన రాష్ట్రంలో తర్వాత దాన్ని సగం చేశారు. అయితే ఎన్ని ఊళ్ళలో ఆ కుర్చీలో ఆమె కూర్చుంటున్నది? సర్పంచు ఆమె, "సర్పంచుగారూ" అని పిలిపించుకొనేది భర్త. సంతకం ఆమెది, మాట ఆయనది. తర్వాత "ఆడవాళ్ళకు పదవి ఇస్తే ఏం చేశారు?" అని అడిగేదీ మనమే. చట్టసభల్లో మూడవ వంతు స్థానాలు స్త్రీలకు ఇచ్చే రాజ్యాంగ సవరణను 2023 సెప్టెంబరులో పార్లమెంటు ఆమోదించింది. జనగణన, నియోజకవర్గాల పునర్విభజన జరిగిన తర్వాత అది అమలు కావాలని అందులో ఉన్నది. చట్టం కుర్చీ ఇవ్వగలదు. ఆ కుర్చీలో ఆమెను కూర్చోనిచ్చే మనసు మాత్రం ఇంట్లోనే పెరగాలి.

లేఖనాలను అడ్డం పెట్టుకొనవద్దు

ఈ విషయంలో విశ్వాసులమైన మనం ఒక పని చేస్తున్నాము. అధికారంలో ఉన్న స్త్రీ మనకు నచ్చకపోతే వెంటనే "యెజెబెలు" అని పేరు పెడతాము. యెజెబెలు దోషం ఆమె స్త్రీ అయి అధికారం చేయడం కాదు. ప్రవక్తలను చంపించడం, నాబోతు ద్రాక్షతోట కోసం అబద్ధసాక్ష్యం పుట్టించి అతని ప్రాణం తీయించడం ఆమె దోషం. ఆ తోట కావాలని అలిగి పడుకొన్నది అహాబు రాజు. అన్యాయం చేసిన మగ నాయకుణ్ణి "అహాబు" అని మనలో ఎందరం పిలుస్తున్నాము?

అదే గ్రంథంలో దెబోరా కూడా ఉన్నది. ఆమె లప్పీదోతు భార్య. రామాకు, బేతేలుకు మధ్య ఖర్జూరపు చెట్టు క్రింద కూర్చొని ఇశ్రాయేలీయులకు తీర్పు తీర్చింది. జనమంతా ఆమె దగ్గరకు పోయారు. ఆమె వెంట వస్తేనే యుద్ధానికి పోతానన్నాడు సేనాధిపతి బారాకు. సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురు మోషే ఎదుట, ప్రధానుల ఎదుట, సర్వసమాజం ఎదుట నిలబడి తమ హక్కు అడిగారు. వారు అడిగినది యుక్తమేనని దేవుడే తీర్పు చెప్పాడు. నలుగురిలోకి వచ్చి మాట్లాడినందుకు వారిని ఎవరూ దూషించలేదు.

"పౌలు స్త్రీలకు అధికారం వద్దన్నాడు గదా" అని ఎవరైనా అడగవచ్చు. ఆ మాటలు సంఘంలో బోధను గురించి రాసినవి. వాటి అర్థం మీద కూడా సంఘాలలో వేర్వేరు అభిప్రాయాలున్నాయి. దక్షిణ ఇండియా సంఘం 2013లో మన రాయలసీమలోని నంద్యాల అధ్యక్ష మండలానికి ఇ. పుష్పలలితగారిని తన మొదటి మహిళా బిషప్పుగా అభిషేకించింది. ఆ చర్చ ఎలా ఉన్నా, మునిసిపాలిటీకో శాసనసభకో పోటీ చేసే స్త్రీని దూషించడానికి పౌలు ఎవరికీ సెలవివ్వలేదు.

విమర్శ ఏది, దూషణ ఏది?

అయితే మహిళా నాయకురాలిని ఏమీ అనకూడదా? తప్పక అనవచ్చు. అడగవచ్చు, నిలదీయవచ్చు, ఓడించవచ్చు. ఓటు దానికోసమే. విమర్శకూ దూషణకూ మధ్య గీత ఎక్కడున్నదో తెలుసుకొనేందుకు ఒక తేలికైన పరీక్ష ఉన్నది. ఒక మాట అనబోయే ముందు ఆ స్త్రీ పేరు తీసి అక్కడ మగ అభ్యర్థి పేరు పెట్టి చూడండి. "ఆమె రోడ్డు వేయించలేదు" అన్న మాటను "ఆయన రోడ్డు వేయించలేదు" అని మార్చితే అర్థం నిలబడుతుంది. కనుక అది విమర్శ. "ఆమె పాదం మంచిది కాదు, ఆమె చీర చూడండి, ఆమె మొగుడెవరు" అన్న మాటలను మగవానికి పెట్టి చూడండి. నవ్వు వస్తుంది. కనుక అది దూషణ.

ఎన్నికల సంఘం నియమావళి చెప్పేదీ ఇదే. విమర్శ అవతలివారి విధానాలకు, కార్యక్రమాలకు, వారు చేసిన పనికి పరిమితం కావాలని, ప్రజాజీవితంతో సంబంధం లేని సొంత విషయాల జోలికి పోరాదని అందులో రాసి ఉన్నది. స్త్రీ గౌరవాన్ని భంగపరచే ఉద్దేశంతో అన్న మాటకు, చేసిన సైగకు భారతీయ న్యాయ సంహిత 79వ సెక్షను కింద మూడు సంవత్సరాల వరకు జైలుశిక్ష, జరిమానా ఉన్నాయి. అయితే చట్టం ఎంతని చూస్తుంది? టీ అంగడిలో, చెరువు గట్టు మీద, ఇంటి అరుగు మీద పలికే మాటలకు కాపలా మనమే.

కుటుంబాలలో మనం చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. పాడుమాట ఫోనులో వస్తే ఇతరులకు పంపకుండా అక్కడే తుడిచివేద్దాం. ఇంట్లో ఎవరైనా అలాంటి మాటకు నవ్వితే, పిల్లలు వింటున్నారని మెల్లగా గుర్తు చేద్దాం. అబ్బాయిలకు ఈ పరీక్షను నేర్పుదాం. సర్పంచమ్మ ఉన్న ఊళ్ళో పని మీద పోయినప్పుడు ఆమె భర్తతో కాక ఆమెతోనే మాట్లాడుదాం. స్త్రీల సమాజంలో లెక్కలు రాసే, నలుగురినీ కూడగట్టే సోదరి ఎవరైనా పంచాయతీకి నిలబడతానంటే "నీకెందుకమ్మా ఈ రొంపి" అనకుండా, ఆమె వెంట నాలుగిండ్లకు మనమూ నడుద్దాం.

మళ్ళీ ఎన్నికలు వస్తాయి. జీపులు వస్తాయి, మైకులు మోగుతాయి. ఏ పార్టీదైనా ఒక స్త్రీ మన గడప ముందుకు వచ్చి చేతులు జోడిస్తుంది. ఆమెకు ఓటు వేయడమా, మానడమా మన ఇష్టం. మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టి, "అమ్మా, మా ఊరికి ఏం చేస్తావు?" అని అడుగుదాం. ఆమె తర్వాత వచ్చే మగ అభ్యర్థినీ అదే ప్రశ్న అడుగుదాం.